బిడ్డ మూలుగు, వైద్యుని యంత్రము: నెలతక్కువ శిశువుల శ్వాసచికిత్సా చరిత్ర

నెలలు నిండక పుట్టిన బిడ్డ ఊపిరికై పెనుగులాడుచున్నప్పుడు తెలుగు ఇండ్లలో పెద్దవారు చెప్పు మాటలు రెండు కలవు. బిడ్డ పక్కలెగరవేయుచున్నాడనుట ఒకటి, మూలుగుచున్నాడనుట రెండవది. మొదటిది కంటికి కానవచ్చు గుర్తు. ఊపిరి పీల్చినప్పుడెల్ల ప్రక్కటెముకల నడిమి చర్మము లోనికి కుంగును, డొక్కలు ఎగసిపడును, ముక్కుపుటములు విచ్చుకొనును. రెండవది చెవికి వినవచ్చు గుర్తు. ఊపిరి విడుచునప్పుడెల్ల గొంతులోనుండి సన్నని ధ్వని యొకటి వెడలును. 1956లో అమెరికా వైద్యులు విలియం సిల్వర్‌మన్, డొరొతీ ఆండర్సన్ ఇట్టి గుర్తుల నైదింటిని చేర్చి, ఒక్కొక్కదానికి గరిష్ఠముగా రెండు చొప్పున మొత్తము పదింటికి లెక్కకట్టి, ఆయాసపు తీవ్రతను కొలుచు పద్ధతి నేర్పరచిరి. తెలుగు అమ్మమ్మలు అంకెలు వేయలేదు గాని, చూడవలసినవానినే చూచుచుండిరి.

ఆ మూలుగు రోగలక్షణమని అందఱు నెఱిగినదే. అది బిడ్డ తనకు తాను చేసికొనుచున్న చికిత్స యని వైద్యశాస్త్రము రూఢిగా గ్రహించుటకు మాత్రము 1968వ సంవత్సరము రావలసివచ్చెను. అప్పటికే శిశువుల శ్వాసనాళములలో గొట్టములు దూర్చి యంత్రములతో ఊపిరి పోయుట మొదలైయుండెను. గొట్టము దిగినంతనే మూలుగు ఆగుచుండెను. మూలుగు ఆగినందుకు చూచువారు ఊరట చెందుచుండిరేమో. బిడ్డకు మాత్రము నష్టము కలుగుచుండెను. ఈ చరిత్రలో చాలభాగము, బిడ్డకు సాయము చేయబోయి ఎంత బలము ప్రయోగింపరాదో నేర్చుకొన్న కథయే.

రోగమును గుఱించిన తెలివి ఆలస్యముగా వచ్చుటకు కారణము లేకపోలేదు. ఆయాసముతో చనిపోయిన నవజాత శిశువుల ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వాయుకోశములకు గాజువలె మెఱయు పొర యొకటి అంటియుండుటను 1903లో హోఖ్‌హైమ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. ఆ మీదట అందఱి దృష్టియు ఆ పొరమీదనే నిలిచెను. రోగమునకు పేరు కూడ దానినిబట్టియే హయలీన్ పొర జబ్బు అని పడెను. ఆ పొర ఎక్కడినుండి వచ్చినది, బిడ్డ గర్భజలమును మ్రింగెనా, పాలు ఊపిరిలోనికి పోయెనా అని అర్ధశతాబ్దము తర్కించిరి. పొర రోగఫలమే గాని రోగమూలము కాదు. ఇల్లు కాలిన తరువాత మిగిలిన బూడిదను చూచి, బూడిదయే ఇంటిని కాల్చెనన్నట్లుండెను ఆ వాదము.

మూలము వేఱొకచోట దొరకెను. స్విట్జర్లాండులో కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ 1929లో ఊపిరితిత్తులను ఒకమాఱు గాలితోను, మఱొకమాఱు ద్రవముతోను నింపి చూచెను. గాలితో నింపుటకు హెచ్చు ఒత్తిడి కావలసివచ్చెను. ద్రవముతో నింపుటకు చాల తక్కువ సరిపోయెను. గాలియు తడియు కలియు తలమున్నచోటనే, అనగా తలతన్యత వలననే, ఊపిరితిత్తి ముడుచుకొనిపోవుటకు చూచుచున్నదని ఆయన గ్రహించెను. నవజాత శిశువుల ఆయాసమునకు దీనితో సంబంధ ముండవచ్చునని కూడ సూచించెను. ఆ మాట ఎవరి చెవిని బడలేదు. పాతికేండ్ల పిదప ఇంగ్లండులోని పోర్టన్ డౌన్ యందు విషవాయువుల ప్రభావమును పరిశోధించుచున్న ఆర్. ఇ. ప్యాటిల్, ఊపిరితిత్తులనుండి వెడలు నురుగు ఇతర నురుగులవలె చెదరక నిలుచుటను 1955లో ప్రకటించెను. అమెరికాలో అట్టిదే యగు సైనిక రసాయన కేంద్రమున జాన్ క్లెమెంట్స్ 1957లో ఆ తలతన్యతను కొలిచి చూపెను. మనుష్యులను చంపు వాయువులను గుఱించిన పరిశోధన పసిబిడ్డలను బ్రతికించు జ్ఞానమునకు దారితీయుట చరిత్రలో నొక చిత్రము.

కుంకుడుకాయలు పిసికిన ఇంటివారికి ఈ సంగతి బోధపఱచుట కష్టము కాదు. వట్టినీటిని ఎంత చిలికినను బుడగలు నిలువవు. కుంకుడురసము కలిపిన నీటిలో నురుగు నిలుచును. ఆ రసము నీటి తలతన్యతను తగ్గించుటయే దీనికి కారణము. ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన వాయుకోశములు కూడ తడిపొర గల బుడగలవంటివే. వాని లోపలి గోడలలోని కొన్ని కణములు క్రొవ్వును మాంసకృత్తులును కలిసిన పదార్థము నొకదానిని స్రవించును. దీనికే సర్ఫాక్టెంటు అని పేరు. అది యున్నంతవఱకు ఊపిరి విడిచినను వాయుకోశములు పూర్తిగా ముడుచుకొనవు. తరువాతి ఊపిరికి కొంతగాలి లోపల మిగిలియుండును. అది చాలనిచో ప్రతి ఊపిరి చివరను కోశములు అంటుకొనిపోవును. తడిసి అంటుకొన్న రెండాకులను విడదీసినట్లు ప్రతి ఊపిరికిని వానిని మరల విడదీయవలెను. గర్భమున ముప్పదినాలుగైదు వారములు గడచిన బిడ్డలలో పెక్కుమందికి ఈ పదార్థము చాలినంత యుండును. అంతకుముందే పుట్టినవారికి కొఱతపడును. బాస్టనులో మేరీ ఎలెన్ ఏవరీ, జీర్ మీడ్ అను పరిశోధకులు హయలీన్ పొర జబ్బుతో చనిపోయిన శిశువుల ఊపిరితిత్తుల సారమును పరీక్షించి, తలతన్యత తగ్గవలసినంత తగ్గకుండుటను 1959లో నిరూపించిరి. లేని పొరను గాక ఉన్న పొరను వెదకిన అర్ధశతాబ్దపు వెదకులాట అంతటితో ముగిసెను.

కారణము తెలిసినంతనే చికిత్స తెలియదు. 1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి అయిదున్నర వారములు ముందుగా ఒక కుమారుడు కలిగెను. ప్యాట్రిక్ అని పేరు పెట్టిరి. బరువు సుమారు 2 కిలోల 100 గ్రాములు. నేటి లెక్కలో భయపడవలసినంత చిన్నబిడ్డ కాడు. బాస్టను శిశు వైద్యశాలలో హెచ్చు ఒత్తిడిగల ప్రాణవాయువు గదిలో నుంచిరి. ముప్పదితొమ్మిది గంటలు జీవించి ఆగస్టు 9వ తేదీన మరణించెను. సర్ఫాక్టెంటు కొఱతను కనుగొన్న ఊరిలోనే, లోకములో కెల్ల బలవంతమైన ప్రభుత్వాధినేత బిడ్డకు చేయదగినది అంతకంటె లేకపోయెను. ఆ మరణవార్త పత్రికలకెక్కుటతో ఈ జబ్బు పేరు సామాన్యజనులకు తెలిసెను; పరిశోధనలకు ఊపు వచ్చెను.

ప్రాణవాయువును గుఱించి ఇచట కొంత చెప్పవలసియున్నది, ఏలయనగా ఈ చరిత్రలోని పెద్ద దుఃఖము అదియే. ఆయాసపడు బిడ్డకు ప్రాణవాయువు నిచ్చుట న్యాయముగనే తోచును. 1940వ దశకమున పిల్లల పొదుగుపెట్టెలు గాలి చొరకుండ బిగువుగా తయారయ్యెను. వానిలో ప్రాణవాయువును ధారాళముగా విడిచిరి. 1942లో బాస్టనునందు టెర్రీ అను నేత్రవైద్యుడు నెలతక్కువ బిడ్డల కన్నులలో కటకము వెనుక తెల్లని పొర ఏర్పడి చూపుపోవుటను వర్ణించెను. పేదల ఆసుపత్రులలోకంటె సంపన్నమైన ఆసుపత్రులలోనే ఈ గ్రుడ్డితనము మెండుగా నుండెను. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంబెల్ అను వైద్యురాలు ప్రాణవాయువుమీద అనుమానము వెలిబుచ్చెను. 1953-54లో అమెరికాలోని పదునెనిమిది ఆసుపత్రులు కలిసి పరీక్ష చేసి, అనుమానము నిజమని తేల్చిరి. అప్పటికి లోకమున సుమారు పదివేలమంది శిశువులు చూపు గోల్పోయిరని అంచనా.

తప్పు తెలిసినవెంటనే వైద్యులు రెండవవైపునకు ఒరిగిరి. నూటికి నలుబదిపాళ్లకు మించి ప్రాణవాయువు నీయరాదన్న నియమము వ్యాపించెను. గ్రుడ్డితనము తగ్గెను, మరణములు పెరిగెను. ఒక్కొక్క బిడ్డ చూపు దక్కించుటకు సుమారు పదునార్గురు శిశువుల ప్రాణములు పోయియుండునని 1973లో క్రాస్ అను ఆంగ్ల వైద్యుడు లెక్కకట్టెను. బిడ్డ నెత్తుటిలో ప్రాణవాయువు ఎంత యున్నదో కొలుచు సాధనము లేకయే ఇచ్చిరి, లేకయే తగ్గించిరి. లీలండ్ క్లార్క్ 1956లో ప్రకటించిన విద్యుదగ్రము వలన, తరువాత 1974లో జపానులో తకువో అయోయాగి రూపొందించిన నాడీమాపక సూత్రము వలన ఆ కొలత సాధ్యమయ్యెను. నేడు బిడ్డ పాదమునకు చుట్టు చిన్న ఎఱ్ఱదీపపు పట్టీ ఆ సూత్రముపైననే పనిచేయుచున్నది.

ఇక యంత్రముల మాట. 1928లో బాస్టనులో డ్రింకర్, షా అనువారు నిర్మించిన ఇనుప ఊపిరిపెట్టె రోగి శరీరమును లోపల నుంచుకొని చుట్టును గాలిని పీల్చివేయును. ఱొమ్ము విచ్చుకొని ఊపిరి లోనికి పోవును. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో వ్యాపించినపుడు అట్టి పెట్టెలు చాలకపోయెను. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు రోగుల కంఠమునకు గొట్టము పెట్టించి, రబ్బరుసంచిని చేతితో నొక్కి గాలిని లోనికి పంపు విధానమును ప్రవేశపెట్టెను. వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని రాత్రింబగళ్లు ఆ సంచులను నొక్కిరి. లాగుటకు బదులు నెట్టుట అప్పటినుండి లోకమంతట రాజ్యమేలెను.

పోలియో రోగి ఊపిరితిత్తులు మంచివే, కండరములే చచ్చుపడును. నెలతక్కువ బిడ్డకు ఊపిరితిత్తులే బిగుసుకొనియుండును. ఒక రోగమునకు పనికివచ్చిన బలము రెండవదానికి పనికిరాదు. ఈ భేదము తెలియుటకు చాలకాలము పట్టెను. ఇంగ్లండులో ఇయన్ డోనాల్డ్ అను ప్రసూతివైద్యుడు 1953లో తన సహచరితో కలిసి శిశువులకు ఒక యంత్రమును తయారుచేసెను. బిడ్డ తానుగా పీల్చబోవు ప్రయత్నమును కనిపెట్టి ఆ క్షణముననే గాలి నందించుట దాని పని. ఆ ఊహ కాలమునకు ముందు పుట్టినది. దానిని మఱల నిత్యవ్యవహారములోనికి తెచ్చుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను. 1959లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో స్మైద్, బుల్ అను వైద్యులు పురిటి ధనుర్వాతముతో బిగుసుకొనిపోవు శిశువులకు ఒత్తిడి శ్వాసము నిచ్చి కొందఱిని దక్కించుకొన్నారు. 1964లో టొరాంటోలో మరియా డెలివోరియా-పాపడోపులోస్, పాల్ స్వయ్యర్ హయలీన్ పొర జబ్బుతో కొనయూపిరి మీదనున్న శిశువులకు యంత్రము పెట్టిన అనుభవమును ప్రకటించిరి. వారి వ్యాసపు పేరులోనే అది అంత్యదశలోని జబ్బునకు చికిత్స యని యుండెను. మరణము నిశ్చయమైనవారికే యంత్రము పెట్టుట ఆనాటి నియమము. అందువలన బ్రతికినవారు కొలదిమందియే.

ఈ దశలో కేప్‌టౌను నుండియే అసలు వెలుగు వచ్చెను. హారిసన్, హీస్, క్లైన్ అను మువ్వురు వైద్యులు మూలుగుచున్న శిశువుల నెత్తుటిలోని ప్రాణవాయువును కొలుచుచు, శ్వాసనాళమున గొట్టము పెట్టి చూచిరి. గొట్టము స్వరతంత్రులను దాటిపోవును గనుక అవి మూతపడుటకు వీలులేదు, మూలుగు ఆగిపోవును. ఆగినంతనే నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గెను. గొట్టము తీసివేయగనే బిడ్డ మరల మూలుగ నారంభించెను. ప్రాణవాయువు మరల హెచ్చెను. అర్థము స్పష్టమయ్యెను. ఊపిరి విడుచునప్పుడు బిడ్డ గొంతును సగము మూసి, గాలిని ఒక్కసారిగా పోనీయక బిగబట్టుచున్నది. ఆ బిగింపు వలన వాయుకోశములలో కొంత ఒత్తిడి నిలిచి, అవి అంటుకొనకుండ కాపాడబడుచున్నవి. సర్ఫాక్టెంటు చేయవలసిన పనిని బిడ్డ గొంతుతో చేసికొనుచున్నది. 1968లో ఈ ఫలితములు ప్రకటింపబడెను.

మూడేండ్లకు శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ అను మత్తువైద్యుడు ఆ పాఠమును యంత్రమునకు నేర్పెను. ఊపిరి తీయుట విడుచుట బిడ్డయే చేసికొనును. యంత్రము చేయునది ఊపిరి చివర గాలిమార్గములో ఒత్తిడి సున్నకు పడిపోకుండ నిలుపుట మాత్రమే. ఇరువదిమంది శిశువులకు ఈ విధానము ప్రయోగింపగా పదునార్గురు బ్రతికిరి. 1500 గ్రాములకంటె తక్కువ బరువుగల పదుగురిలో ఏడుగురు దక్కిరి. పదునెనిమిదిమందికి గొట్టముద్వారాను, ఇద్దఱికి తలచుట్టు పెట్టెద్వారాను ఒత్తిడి నిచ్చిరి. 1971 జూనులో వెలువడిన ఆ నివేదిక చిన్నదే. దాని ముందటి కాలము వేఱు, వెనుకటి కాలము వేఱు.

అదే సంవత్సరములలో కెనడాలోని విన్నిపెగ్ నగరమున విక్టర్ చెర్నిక్ అను ఆచార్యుడును, ధర్మపురి విద్యాసాగర్ అను భారతీయ వైద్యుడును ఇదే ఫలమును వేఱొక మార్గమున సాధించిరి. లోపలినుండి నెట్టుటకు బదులు బిడ్డ ఱొమ్ముచుట్టును గాలిని ఎడతెగక కొంచెముగా పీల్చియుంచిరి, గొట్టము పనిలేదు. ఒక సంవత్సరపు అనుభవమును వారు 1972లో ప్రకటించిరి. గోదావరి యొడ్డున ధర్మపురి క్షేత్రము నెఱిగిన తెలుగు చదువరులకు ఆ ఇంటిపేరు కొత్తది కాదు. ఆ పీల్చుపెట్టెలలో బిడ్డను చల్లబడకుండ ఉంచుటయు, చేయిపెట్టి పరిచర్య చేయుటయు కష్టమై, తుదకు ముక్కుద్వారా ఒత్తిడి నిచ్చు పద్ధతియే నిలిచెను.

తానుగా ఊపిరి తీయలేని బిడ్డలకు యంత్రము తప్పనిసరి. పాత యంత్రములలో, యంత్రపు ఊపిరికిని ఊపిరికిని నడుమ బిడ్డ పీల్చబోయినచో తాజాగాలి దొరకెడిది కాదు. రాబర్ట్ కర్బీయును ఆయన తోడివారును గొట్టములో ఎల్లవేళల గాలి ప్రవహించునట్లు 1970వ దశకారంభమున ఏర్పాటు చేసిరి. యంత్రము నిర్ణీతసంఖ్యలో ఊపిరులు పోయును. నడుమ బిడ్డ తన ఊపిరి తాను తీసికొనవచ్చును. సంఖ్యను క్రమముగా తగ్గించుచు యంత్రమునుండి బిడ్డను విడిపించుటకు కూడ ఇదియే మార్గమయ్యెను. లండనులో ఆస్మండ్ రెనాల్డ్స్ హెచ్చు ఒత్తిడికి బదులు తక్కువ ఒత్తిడితో నెమ్మదియైన దీర్ఘశ్వాసము నిచ్చి మేలైన ఫలితములను 1974లో చూపెను.

బ్రతికిన బిడ్డలు వేఱొక జబ్బును వెంటదెచ్చుకొనిరి. 1967లోనే స్టాన్‌ఫర్డ్ వైద్యులు నార్త్‌వే, రోజన్, పోర్టర్, ముప్పదిఇద్దఱు శిశువుల చిత్రపటములను పరిశీలించి, నూటికి ఎనుబదిపాళ్లకు పైబడిన ప్రాణవాయువును యంత్రపు ఒత్తిడిని చాలదినములు పొందినవారి ఊపిరితిత్తులు మచ్చలుపడి చెడుటను వర్ణించిరి. మొదట ఒత్తిడియే శత్రువని తలచిరి. తరువాత జంతు పరిశోధనలవలన, ఊపిరితిత్తిని అతిగా సాగదీయు గాలి పరిమాణమే ముఖ్యశత్రువని తేలెను. కిలో బరువున్న బిడ్డకు ఒక ఊపిరికి కావలసిన గాలి నాలుగునుండి ఆరు మిల్లీలీటర్లు, ఒక టీచెంచాడు. 1997లో స్వీడనునందు బ్యోర్క్‌లుండ్ బృందము నెలతక్కువ గొఱ్ఱెపిల్లలకు పుట్టినవెంటనే చేతిసంచితో ఆరే ఆరు పెద్ద ఊపిరులు పోసి చూచెను. ఆ ఆరింటితోనే ఊపిరితిత్తులు దెబ్బతిని, తరువాత ఇచ్చిన సర్ఫాక్టెంటు ఫలింపకపోయెను. కాన్పుగదిలో తొందరపడి సంచిని గట్టిగా నొక్కుట ఎంతటి పనియో దీనివలన ఊహింపవచ్చును. ఇప్పుడు యంత్రములే గాలి పరిమాణమును లెక్కించి ఒత్తిడిని తామై సవరించుకొనుచున్నవి. క్షణమునకు పలుమాఱులు కంపించు యంత్రములపై కూడ గొప్ప ఆశలు పెట్టుకొనిరి; 673 మంది శిశువులపై జరిగి 1989లో వెలువడిన మొదటి పెద్దపరీక్ష ఆ ఆశలను నెరవేర్చలేదు.

1987లో ఏవరీ ఎనిమిది అమెరికా కేంద్రముల ఫలితములను సరిపోల్చి చూచెను. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు అందఱికంటె తక్కువగా నున్నది న్యూయార్కులోని కొలంబియా ఆసుపత్రియందు. అచట జెన్-టియెన్ వుంగ్ అను తైవాను వైద్యుడు పుట్టినవెంటనే ముక్కుగొట్టములద్వారా ఎడతెగని ఒత్తిడి నిచ్చి, యంత్రమును చేతనైనంతవఱకు దూరముగా నుంచుచుండెను. సాధనము అతిసులభము. గొట్టపు రెండవకొనను నీటిసీసాలో ముంచుదురు; ఎన్ని సెంటీమీటర్లు మునిగిన అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడి నిలుచును; మిగులుగాలి బుడగలై పోవును. 2008లో 610 మంది, 2010లో 1316 మంది శిశువులపై జరిగిన పరీక్షలలో, పుట్టగానే గొట్టము వేయుటకంటె ఈ మెత్తని పద్ధతితో మొదలిడుట చెఱుపు కాదనియు, పెక్కుమందికి యంత్రమే అక్కఱలేకపోవుననియు తేలెను. మొదటి పరీక్షలో ఒత్తిడి కొంత హెచ్చుగా వాడుటచే ఊపిరితిత్తి పగిలి గాలి వెలువడుట మాత్రము నూటికి మూడునుండి తొమ్మిదికి పెరిగెను. మెత్తని పద్ధతికిని మోతాదు కలదు. రెండవ పరీక్షలో ప్రాణవాయువు తగవు మరల తలయెత్తెను: తక్కువ మోతాదు పొందినవారిలో తీవ్రమైన కంటిజబ్బు సగమునకు తగ్గెను; మరణములు నూటికి పదునారు చిల్లరనుండి ఇంచుమించు ఇరువదికి పెరిగెను.

యంత్రమే రాకుండ చేయు ఉపాయము న్యూజీలాండులో గొఱ్ఱెలవలన తెలిసెను. కాన్పు ఎట్లు మొదలగునో పరిశోధించుచున్న గ్రహమ్ లిగ్గిన్స్, స్టెరాయిడు మందు పొందిన గొఱ్ఱెపిల్లలు నెలతక్కువగా పుట్టియు ఊపిరి తీయుటను చూచి ఆశ్చర్యపడెను. 1972లో ఆయనయు రాస్ హౌవీయు 282 మంది తల్లులపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. కాన్పునకు ఒకదినము ముందైనను మందు పొందిన తల్లుల బిడ్డలలో ఆయాసము నూటికి ఇరువదియాఱు మందికి బదులు తొమ్మిదిమందికే వచ్చెను. ఇంత స్పష్టమైన ఫలము దొరకియు, అమెరికాలో దీనిని అందఱికి సిఫారసు చేయుటకు 1994 వఱకు కాలము గడచెను. ఆ ఇరువదిరెండేండ్లు ఎందుకు పోయెనో సమర్థించు వాదమేదియు బలముగా లేదు. సర్ఫాక్టెంటును నేరుగా ఊపిరితిత్తులలో పోయుట జపానులో టెట్సురో ఫుజివారా 1980లో పదిమంది బిడ్డలపై సాధించెను. ఆ మందు ఆవు ఊపిరితిత్తులనుండి తయారైనది.

ఆ సూదిమందు మనదేశపు పల్లెలకు చేరినపుడు కథ మలుపు తిరిగెను. కర్ణాటకమున బెళగావి, మహారాష్ట్రమున నాగపురము కూడ పాల్గొన్న ఆఱు దేశముల పరీక్షయొకటి 2015లో వెలువడెను. గ్రామస్థాయిలో మందు విరివిగా ఇచ్చినచోట్ల మిక్కిలి చిన్నబిడ్డల మరణములు తగ్గకపోగా, మొత్తము శిశుమరణములు హెచ్చెను. నెలలు సరిగా లెక్కతెలియక, నిండుకాన్పు కాబోవు తల్లులకు కూడ మందు పడుట ఒక కారణమని పలువురు భావించిరి. 2020లో భారతదేశముతో సహా అయిదు దేశముల ఆసుపత్రులలో 2852 మంది తల్లులపై జరిగిన మఱొక పరీక్షలో మందు మేలుచేసినది: శిశుమరణములు నూటికి ఇరువదిమూడున్నరనుండి పంతొమ్మిదిన్నరకు తగ్గెను. ఈమాఱు గర్భపు వారములను ధ్వనితరంగముల చిత్రముతో ముందుగా నిర్ణయించిరి. పుట్టిన బిడ్డకు పరిచర్య చేయగల ఏర్పాట్లున్నచోటనే మందు నిచ్చిరి. గర్భములోని శిశువును ధ్వనితరంగములతో చూచు ఆ విద్యను 1958లో గ్లాస్గోనుండి లోకమునకు తెలిపినవాడు, అయిదేండ్లకు ముందు పసిబిడ్డకొఱకు ఊపిరియంత్రము కట్టిన ఇయన్ డోనాల్డే.